కుంకుమగొడుగూ మా బావ కుంటికాలూ

ఈ భూమ్మీద కుంకుమగొడుగు అనే పుట్టగొడుగు ఇంకా బతికి ఉందంటే అది నా చలవే. ఇంకెవరిదీ కాదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకున్నారు, పేపర్లో ఎవరెవరి పేర్లో వేశారు. సరే, వాళ్ల ముచ్చట వాళ్లది. కానీ ఎర్రబయలులో ఎండకు ఎండి, వానకు తడిసి, రెప్ప వాల్చకుండా కాపలా కాసి, ఒంటిచేత్తో దాన్ని బతికించింది ఊదరదొడ్డి బీరలింగప్ప. అంటే నేను. చదివేవాళ్లు ఈ సంగతి ముందే మనసులో పెట్టుకుంటే తరవాత నాకు చెప్పుకోవడం తేలిక.

మాది కర్నూలుకు పడమటి దిక్కు. ఊరు దాటగానే ఎర్రబయలు. అక్కడ చెట్టు కనబడాలంటే పక్క మండలానికి పోవాలి. ఉన్నదల్లా గడ్డి, గాలి, గొర్రెలు. ఆ గాలి సంగతి చెబితే నమ్మరు. ఆషాఢంలో మా నాయన తలగుడ్డ ఎగిరిపోతే కొన్నాళ్లకు అదే గాలి తెచ్చి ఇచ్చింది, ఉతికి మరీ. అలాంటి చోట మేం కురబలం తాతల నాటి నుంచి గొర్రెలు మేపుకుంటున్నాం. నేను మా ఊరి బడిలో అయిదు దాకా చదివాను. ఆరు చదువుదామంటే బడికే ఆరు లేదు.

శ్రావణంలో నాలుగు వానలు గట్టిగా పడ్డాక, పొట్టిగడ్డి నడుమ కుంకుమగొడుగు లేస్తుంది. పేరుకు తగ్గ ఎరుపు. పైన నూనె రాసినట్టు నిగనిగ. బొట్టుబిళ్లంత పుట్టి అరచేయంత అవుతుంది. ఒక్కటొక్కటిగా కాదు, గుండ్రంగా, ఎవరో గడ్డిలో గాజు పడేసి పోయినట్టు లేస్తుంది. అందుకే ఆ గుండ్రాలను మా ఆడవాళ్లు ‘అమ్మవారి గాజులు’ అంటారు. చూసినప్పుడు కళ్లకద్దుకుంటారు, కోయరు. తింటే ఏమవుతుందని అడక్కండి. తిన్నవాడెవడూ మాకు చెప్పలేదు.

పూర్వం చుట్టుపక్కల బయళ్లన్నిట్లోనూ ఉండేవట. ఒక్కొక్క బయలే దున్నారు, ప్లాట్లు వేశారు, ఎండతో కరెంటు తీసే పలకలేవో పరిచారు. చివరకు మా ఎర్రబయలు ఒక్కటే మిగిలింది. ఆ మాట మాకు చెప్పింది షంషాద్ మేడం.

షంషాద్ మేడం కర్నూలు మనిషే. పుట్టగొడుగుల మీద పెద్ద చదువు చదివింది. మా ఊళ్లో మూతబడిన పాలకేంద్రం గది అడిగి తీసుకుని, పాలల్లో వెన్న చూసే బల్ల మీద తన సామానంతా పరిచింది. సన్నని సూదులు, వైర్లు, ఒక పెట్టె, పెట్టె మీద పచ్చ దీపాల వరస. ఒకనాడు పొద్దున ఆ పెట్టె మోసుకుని బయలుకొచ్చి ఒక గాజు చుట్టూ సూదులు గుచ్చుతుంటే నేను మందతో ఎదురయ్యాను.

"ఏం మేడమ్, భూమికి జొరమొచ్చినాదా? సూదులేస్తాండారు?" అన్నాను.

"జొరం కాదు బీరన్నా. పైన కనబడేది గొడుగే. అసలు ప్రాణం కింద ఉంటాది, బూజు దారాల్లాగా. నీళ్లు ఎక్కడున్నాయో ఒక దారం ఇంకో దారానికి చెబుతుందేమో విందామని."

"చెబితే మాకూ చెప్పండి. బోరేసుకుంటాం."

ఆమె నవ్వి పెట్టె మీట నొక్కింది. ముందు గరగరమంది. తరవాత టప టప టప టప... వాన చినుకులు రేకు మీద పడ్డట్టు. నేను అటూ ఇటూ చూశాను. ఆ చప్పుడు నాకు తెలుసు. గొర్రెల మంద నడిస్తే వచ్చే చప్పుడది. కానీ నా మంద ఎదురుగా నిలబడి నెమరు వేస్తోంది. ఇంకో మంద కనుచూపు మేరలో లేదు. ఆ టపటపల వెనక, కాస్త ఎడంగా, రెండు కాళ్ల మనిషి నడుస్తున్నాడు.

మేడం మీట కట్టేసింది. ముఖంలో రక్తం లేదు.

"బీరన్నా, మీకూ వినబడిందా?"

"వినబడింది గానీ, వినబడలేదంటేనే మేలేమో మేడమ్."

ఆమె భయపడి పారిపోయే రకం కాదు. కాసేపు గడ్డి మీద గొంతుక్కూర్చుని ఆలోచించింది. తరవాత నన్ను ఆ గాజు మీద ఒక చుట్టు నడవమంది. "మామూలుగా నడవొద్దు. మీకు తోచినట్టు నడవండి," అంది. నాకు తోచినట్టు అంటే తెలుసు కదా. సగం చుట్టు బుద్ధిగా నడిచాను, ఒక రాయి తగిలి తూలాను, ఆ తూలింది కనబడకుండా, జాతరలో డమరుకం పట్టి ఆడే గొరవయ్యల ఆటలో రెండు గెంతులు వేశాను. అన్నం తిన్నాక ఆమె మళ్లీ మీట నొక్కింది. టప్, టప్, టప్, దబ్! ఆ తరవాత నా గెంతులు.

"మీరే!" అని మేడం చప్పట్లు కొట్టింది. "తూలింది కూడా దాచుకోలేదు చూడండి."

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. అడుగు పడితే కింద దారం నొక్కుకుంటుంది. నొక్కుకున్నప్పుడల్లా రవ్వంత కరెంటు పుడుతుంది. ఆ పుట్టింది మచ్చలా నిలిచిపోతుంది. గోడకు సున్నం మీద సున్నం వేసినట్టు ఏటికేడు పొర మీద పొర. ఆ గాజు మీద నడిచిన ప్రతి గొర్రె, ప్రతి మనిషి అందులో ఉన్నారు. పెట్టె ఒక్కొక్క పొరలోకి కరెంటు పంపి అడుగుల్ని పైకి లాగుతుంది.

ఇంత సంగతి తెలిశాక ఊరికి చెప్పకుండా ఉండమంటే నా వల్ల అవుతుందా? సాయంత్రానికి ఊరికి తెలిసింది. మర్నాటికి పక్క ఊళ్లకూ తెలిసింది.

ఆ ఏడు ఎర్రబయలు తిరునాళ్లయింది. ఒకామె తన చచ్చిపోయిన ఎద్దు నడక గుర్తుపట్టి దాని పేరు పెట్టి పిలిచింది. ఒక ముసలాయన తన కూతురు చిన్నప్పుడు పరిగెత్తిన చప్పుడు విన్నాడు. ఆ కూతురు పక్కనే ఉంది, పెద్ద శరీరం, మనవలను ఎత్తుకుని. "అంత సన్నగా పరిగెత్తినానా నేను?" అని ఆమె పైటకొంగు నోట్లో కుక్కుకుంది. మేడం ఎవరినీ కాదనలేదు. ఆమెకూ ఆత్రమే. ప్రతి గాజులో ఏముందో తెలుసుకోవాలని కళ్లు మెరిసిపోయేవి. తిండి కూడా పాలకేంద్రంలో నిలబడే తినేది.

అప్పుడొచ్చింది మా అక్క కరెమ్మ.

మా అక్కను మీకు పరిచయం చేయాలంటే ముందు మీరు కొంచెం దూరంగా జరగాలి. నోరు అలాంటిది. చిన్నప్పుడు బండి మీదనుంచి పడి ఎడమ కాలు పొట్టిదైపోయింది. నడిస్తే ఒక అడుగు పొడుగు, ఒక అడుగు పొట్టి. మా బావ ఉరుకుందప్ప పొడుగాటి మనిషి, పెండ్లినాటికి కాళ్లు రెండూ బాగున్నాయి. పెండ్లయిన కొన్నేళ్లకు ఆయన కూడా కుంటడం మొదలుపెట్టాడు. ఏమైంది బావా అంటే, "తుమ్మముల్లు దిగి లోపలే ఇరిగినాది," అనేవాడు. ఊరు వాళ్లిద్దరికీ ‘కుంటిజంట’ అని పేరు పెట్టింది. రోజూ సందెవేళ మా అక్క ఆ కాలికి కానుగనూనె రాసి పిసికేది. ఆయన పోయే దాకా పిసికింది.

ఆయన గొర్రెలతో ఒంటరిగా తిరిగే గట్టు పక్కన ఒక గాజు ఉండేది. "అది పెట్టు మేడమ్మా, ఆయప్ప నడక ఇంటా," అని అక్క ఎదురుగా కూచుంది.

మేడం సూదులు గుచ్చింది. గొర్రెలు పోయాయి, ఇంకెవరివో అడుగులు పోయాయి. తరవాత ఠక్ మని కర్ర చప్పుడు.

"మీ బావ కర్రరా!" అంది అక్క నా చేయి గట్టిగా పట్టుకుని. "కర్ర కింద ఇనప పొన్ను వదులైంది, బిగించుకోమని నెత్తీనోరూ కొట్టుకున్నా ఇన్యాడా? ఆ లొటలొట అదే."

కర్ర వెంబడే అడుగులు. ఠక్, టప్, టప్. ఠక్, టప్, టప్. కొలిచినట్టు, ఒకదాని పక్కన ఒకటి. ఒక చోట ఉషారుగా పరుగు కూడా తీశాడు. తప్పిపోయిన గొర్రెపిల్లనేదో తరిమాడు కాబోలు.

అక్క చేయి నా చేతి మీద నుంచి జారిపోయింది.

"ఇంగోసారి పెట్టు మేడమ్మా."

"అదే పొర రెండోసారి రాదక్కా."

"ఈ కర్ర ఆయప్ప కుంటడం మొదలుపెట్టినాక కొన్నది. ఈ మనిషి కుంటడం ల్యా."

నేనేమో సర్దుదామని, "బయల్లో మెత్తని గడ్డి గదక్కా, నొప్పి తెలీదేమో," అన్నాను.

"గడ్డి మీద తగ్గే ముల్లు నా పక్కకొస్తే పెరుగుతాదా? నోర్ముయ్! నా కాలి నొప్పి నేను మింగుకోని ఆయప్ప కాలు పిసికినా గదరా. ఊరంతా కుంటిజంట అంటే, పోనీలే ఇద్దరం ఒకటే అనుకున్నా. ఇదంతా నాటకమా?" అంటూ లేచింది. కోపంగా నడుస్తుంటే ఆమె పొట్టికాలు గడ్డిని దువ్వుతూ పోయింది.

ఆనాటి నుంచి ఆమెకు ఒకటే పట్టుదల. గట్టు దగ్గర ఆయన ఒంటరిగా తిరిగాడు. కానీ బయలు నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో, వంక ఒడ్డున ఇంకో గాజు ఉంది. ఆమె సద్ది తీసుకుపోయి, ఆయన తిన్నాక, ఇద్దరూ కలిసి వెనక్కి వచ్చే దారి అది. "అది ఇంటే తేలిపోతాది. మొగుడు నన్ను బతికినంత కాలం మోసం చేసినాడా ల్యాదా, అది తేలాల్సిందే," అంది. ఆమె వంతు వచ్చేలోపు వానలు వెనకబట్టాయి. దారాలు ఎండిపోయి పెట్టె పలకలేదు. "వచ్చే శ్రావణంలో అక్కా," అంది మేడం.

వచ్చే శ్రావణం వచ్చింది. వానలు బాగా పడ్డాయి. మేం ఎర్రబయలంతా తిరిగాం. ఒక్క గొడుగు లేదు.

నిరుడు గాజులున్న చోట్లన్నీ గడ్డి కింద నల్లగా, మసి పూసినట్టున్నాయి. మేడం మోకాళ్ల మీద కూచుని మన్ను తవ్వి, నల్లబడ్డ దారాన్ని వేళ్ల మధ్య నలిపింది. అది బూడిదలా రాలిపోయింది. ఇంకో చోట తవ్వింది. అక్కడా అంతే. వంక ఒడ్డున మాత్రం ఒకే ఒక గాజు, ఎర్రగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. మేం వినని గాజు అదొక్కటే.

"బెల్లం తీపి తెలియాలంటే బెల్లం కరగాల బీరన్నా," అంది మేడం నేలవైపు చూస్తూ. "నేను అన్నీ కరగబెట్టేసినా. కాపాడదామని వచ్చి నా చేత్తో నేనే."

నేను తమాషాలు మానేసి, ఆమె తవ్విన గుంటలు ఒక్కొక్కటే పూడ్చాను. నా జీవితంలో అలా జరగడం అదే మొదలు.

ఇంక చూడండి మా ఊరి భక్తి. పై ఆఫీసువాళ్లు ఆ చివరి గాజు చుట్టూ ఒక కంచె వేశారు. ఒకటే ఉంటే మర్యాదగా ఉండదని మేం రెండోది వేశాం. పసుపుతాడు కట్టాం. చెప్పులతో దగ్గరకు రాకూడదన్నాం. మందల్ని అర మైలు ఎడంగా తోలాం. లోపలికి అడుగుపెట్టినవాడికి కళ్లు పోతాయని ఒక మాట కూడా పుట్టించాం. అది ఎవరు పుట్టించారో అడక్కండి. కాపలా నాకిచ్చారు. కంచె పక్కన రెండు కట్టెలు పాతి, కంబళి కప్పి, నీడ చేసుకుని కూచున్నాను.

మేడం దగ్గర పెట్టె మీద పచ్చ దీపాలున్నాయన్నాను కదా. పొరలు కదిలించకుండా, దారం నాడి ఎలా ఉందో మాత్రం అవి చూపిస్తాయి. కంచె వేసిన నాడు వరసంతా వెలిగింది. కొన్నాళ్లకు చివరి దీపం ఆరింది. తరవాత దాని పక్కది. మేడం పాలకేంద్రం నుంచి బిందెలతో నీళ్లు మోసింది. ఎండ తగలకుండా తన దుప్పటి కప్పింది. కంచె లోపల గడ్డి మోకాలెత్తు పెరిగింది, ఎండి ఒరిగింది, దాని మీద ఇంకో గడ్డి లేచింది. మరో శ్రావణం వచ్చి పోయింది. గాజు లేవలేదు. దీపాలు ఒక్కొక్కటే ఆరుతున్నాయి.

మా అక్క ఊరుకుంటుందా? రోజూ రాగిముద్ద మూటగట్టుకుని వచ్చి కంచె అవతల కూచునేది.

"ఎట్లాగూ సచ్చిపోతాండాది గదా మేడమ్మా. సచ్చేలోపల నాకు వినిపించు."

"చావనియ్యనక్కా."

"నువ్వు పట్టుకుంటే ఆగుతాదా? ఆయప్పను నేను పట్టుకోలేదా? ఆగినాడా?"

ఇద్దరూ కంచెకు అటొకరు ఇటొకరు కూచుని ముద్ద పంచుకుని తినేవారు. తిట్టుకోవడం ఆపి తినేవారు, తినడం ఆపి తిట్టుకునేవారు. నేను మధ్యలో కూచుని ఊరగాయ అందించేవాణ్ణి.

చివరికి ఒక్క దీపం మిగిలింది. అది కూడా కొట్టుకుంటోంది. మేడం ఆ పొద్దు అక్క ఎదురుగా నిలబడి, "రేపు వినిపిస్తానక్కా," అంది. "ఊరికే మట్టిలో కలిసేది ఎవరికో ఒకరికి దక్కనీ." ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో నేను చూశాను. అక్క కూడా చూసింది. ఎన్నాళ్లుగానో అడుగుతున్నది దొరికింది కదా, సంబరపడాలి. పడలేదు. ముద్ద సగం తిని లేచిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. మొదట్లో రెప్ప వాల్చని కాపలా అని రాశాను చూడండి, దాన్ని కొంచెం సవరించాలి. మర్నాడు మిట్టమధ్యాహ్నం, కంబళి నీడలో, చల్లగా గాలి తోలుతుంటే, నేను రెప్ప వాల్చాను. వాల్చినవి సాయంత్రం దాకా లేపలేదు.

మా మందకు ముందు నడిచేది ఒక మేకపోతు. దాని పేరు కలెక్టరు. ఎక్కడ కంచె ఉంటే అక్కడికి తనిఖీకి పోతుంది కాబట్టి ఆ పేరు పెట్టాం. అది వచ్చి తలుపుకు కట్టిన జనపతాడును కొరికి తినేసింది. పసుపుతాడును కూడా భక్తిగా తినేసింది. లోపల మోకాలెత్తు గడ్డి. ఇంకేముంది, మంద మందంతా కలెక్టరు వెనక లోపలికి దిగింది. ఎవరో "అయ్యో! అయ్యో!" అని అరుస్తుంటే కలలో అనుకున్నాను. కళ్లు తెరిచేసరికి షంషాద్ మేడం పెట్టె నెత్తిన పెట్టుకుని పరిగెత్తుకొస్తోంది, వెనక మా అక్క ఎగుడుదిగుడుగా ఉరుకుతోంది, కంచెలో గొర్రెలు తొక్కుకుంటూ, తోసుకుంటూ, గడ్డిని మొదలంటా కొరికేస్తున్నాయి. గాజున్న చోట కలెక్టరు నిలబడి నన్ను చూసి గడ్డం ఊపింది.

"కాపలానా ఇది? థూ!" అంది అక్క.

మేం ముగ్గురం కలబడి మందను బయటికి తోలేసరికి లోపల నేల కల్లంలా అయింది. మేడం సూదులు గుచ్చి పెట్టె చూసింది. చూసి, పెట్టెను గుడ్డతో తుడిచి మళ్లీ చూసింది.

వరసలో సగం దీపాలు వెలుగుతున్నాయి.

"పెట్టె చెడినాదా మేడమ్?" అన్నాను.

"బీరన్నా, లోపలికి రండి. గెంతండి."

"ఏమిటి?"

"గొరవయ్యల ఆట. ఆడండి!"

నా వయసు చూసి మాట్లాడాలి కదా. అయినా ఆడాను. నేను కాలు దించినప్పుడల్లా ఇంకో దీపం రెపరెపలాడి లేచింది. మేడం నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"ఇది అడుగుల్ని ఊరికే దాచుకోవడం లేదు," అంది మెల్లగా. "తింటాంది. తొక్కితే పుట్టే ఆ రవ్వంత కరెంటే దీని తిండి. మనం వింటే ఉన్న తిండంతా ఒకేసారి లాగేసినట్టు. కంచె వేస్తే కొత్త తిండి రానీకుండా మూతి కట్టేసినట్టు. పైన గడ్డి పొడుగైతే దీని మీద చెమ్మ, చీకటి, బరువు. గొర్రెలు గడ్డిని పొట్టిగా ఉంచుతాయి, నేలను తొక్కుతాయి. రెండూ కావాలి."

మేం తాతల నాటి నుంచి దాని మీదే గొర్రెల్ని నడిపాం. కానీ తొక్కితే బతుకుతుందని మాకేం తెలుసు? తెలిస్తే రెండో కంచె ఎందుకు వేస్తాం? కాబట్టి ఒంటిచేత్తో బతికించింది నేనన్న మాట వదిలేయండి. బతికించింది కలెక్టరు. అర్థం చేసుకున్నది మేడం. నిద్రపోయింది మాత్రం నేనే, అందులో ఎవరికీ వాటా లేదు.

మా అక్క కంచె తలుపు పట్టుకుని నిలబడింది.

"అట్లయితే మేడమ్మా, మందల్ని తోలితే ఇది బతుకుతాదా?"

"బతుకుతాదక్కా."

"మరి ఆయప్ప అడుగులు?"

మేడం ఆమె దగ్గరకొచ్చింది. "కొత్త అడుగులు పొరలు పొరలుగా పైన పడతాయి. పాతవి అడుక్కి పోతాయి. ఇంక ఏ పెట్టెకూ అందవు. ఇప్పుడు వింటే ఒక్కసారి వినొచ్చు, గాజు ఉండదు. ఈ రోజు వినిపిస్తానని మాటిచ్చినా. మీరు పెట్టమంటే పెడతా. మీ ఇష్టం."

"అడుక్కి పోతాయంటే, ఉంటాయా? పోతాయా?"

"ఉంటాయి, తిన్న తిండి ఒంట్లో ఉన్నట్టు. మనకు అందవు, అంతే."

అక్క తన బోడి మణికట్టును ఇంకో చేత్తో రుద్దుకుంది.

"ఆయప్ప పోయిననాడు నా గాజులు పగలగొట్టినారు," అంది. "నన్ను అడిగినోళ్లు ల్యా. ఇప్పుడు అడుగుతాండారు గదా, అందుకు చెప్తాండా. దీన్ని పగలగొట్టొద్దు."

చెప్పులు విడిచి తలుపు దగ్గర పెట్టింది. "రారా నిద్రమొగమోడా, చేయియ్యి. తిండి పెడదాం దానికి," అంది.

నేను చేయిచ్చాను. ఇద్దరం గాజు మీద చుట్టు నడిచాం. ఆమెది ఒక అడుగు పొడుగు, ఒక అడుగు పొట్టి. నేను తిన్నగా నడుస్తుంటే ప్రతి అడుగుకూ మా భుజాలు గుద్దుకున్నాయి, చేతులు లాక్కున్నాయి. కొంచెం దూరం పోయేసరికి నా ఎడమ కాలు దానంతట అదే ఆమె కాలితోపాటు కిందికి ఒరగడం మొదలుపెట్టింది. భుజాలు గుద్దుకోవడం ఆగింది. నీళ్ల మీద తెప్ప ఊగినట్టు ఇద్దరం కలిసి ఊగుతూ పోయాం.

అక్క ఆగి నా కాళ్లకేసి చూసింది.

"నీ కాలికేమైంది?"

"ఏం కాలేదే."

"కుంటుతాండావు."

"నేనా?"

"ఒక్కనివే పో ముందుకి." పోయాను. "రా ఎనక్కి. నా పక్కన నడువు." నడిచాను.

అక్క చేయి వదిలి గడ్డి మీద కూలబడింది. ఏడుస్తోందనుకుని మేడం పరిగెత్తుకొచ్చింది. ఏడవడం లేదు. పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ముల్లు ల్యా, మన్ను ల్యా! నా పక్కన నడిచి నడిచి నా నడక అంటుకున్నాది మేడమ్మా ఆ పిచ్చి మారాజుకి! చెప్పుకునేకి సిగ్గయి ముల్లు అన్నాడు." నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఒక్కడే ఉంటే పరిగెత్తేటోడు. నా దగ్గరికొస్తే కుంటేటోడు."

"మరి నూనె సంగతేందక్కా?" అన్నాను.

"నూనె మాత్రం దొంగతనమే. అది పైకి పోయినాక తేల్చుకుంటా."

పెట్టె మీద దీపాలు వరసగా వెలుగుతున్నాయి. మేడం వాటిని చూడ్డం మరిచిపోయి మా అక్క పక్కనే గడ్డి మీద కూచుంది.

కంచెలు రెండూ పీకేశాం. ఆ తీగ మీద మా అక్క కాకరపాదు పాకించింది. ఊళ్లోని మందలు వంతులేసుకుని వంక ఒడ్డు మీదుగా పోతాయి. ఎప్పుడు తోలాలి, ఎప్పుడు గొడుగులు విచ్చుకునేదాకా ఆగాలి అని మేడం, గొర్రెలవాళ్లు కలిసి అనుకుంటారు. పెట్టెలో వినే భాగాన్ని ఆమె తన చేత్తోనే విప్పేసి, నాడి చూసే దీపాలు మాత్రం ఉంచుకుంది. మరుసటి శ్రావణానికి గాజు లేచింది. దాని పక్కన చిటికెనవేలి ఉంగరమంత ఇంకోటి. ఇప్పుడు మా ఊళ్లో కొత్తగా పెండ్లయినవాళ్లను దాని మీద ఒక చుట్టు నడిపిస్తున్నారు. ఎవరి నడక ఎవరికి అంటుకుంటుందో చూద్దామని ఊరంతా వెనకాల నిలబడి పందేలు కాస్తుంది.

వయసు మీద పడ్డవాణ్ణి, కల్పన కలిపి అలాగే వదిలేస్తే నాలుక పట్టుకుంటుంది. అందుకని చెప్పేస్తున్నాను. గాలి తలగుడ్డ ఉతికి తెచ్చింది, అది నిజమే. మేకపోతు పేరు కలెక్టరు, అదీ నిజమే. పుట్టగొడుగు అడుగులు తింటుందన్నది మేడం చెప్పిందే. కల్పించింది ఒకే ఒక్కటి. ఆ రోజు నా కాలు దానంతట అది ఒరగలేదు. గుద్దుకుంటున్న భుజాలు చూసి నాకు ఉన్నట్టుండి బావ గుర్తొచ్చాడు. కావాలనే కుంటుతూ నడిచాను. అక్కకు జవాబు కావాలి, జవాబేమో అడుక్కి పోయింది. మా ఇంట్లో లేనివి పుట్టించే పని మొదటినుంచీ నాదే. మా అక్కకు చదువు రాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. మీరెవరూ ఆమెకు చదివి వినిపించకండి.

అయితే ఒక్క మాట. ఆనాటి నుంచి రోజూ అక్కతో కలిసి బయలుకు పోతున్నాను. ఈమధ్య ఆమె పక్కన తిన్నగా నడుద్దామని ఎంత చూసినా కాలు వినడం లేదు. మొన్న షంషాద్ మేడం ఎదురై, నా నడక చూసి, "కాలికేమైంది బీరన్నా?" అంది.

"తుమ్మముల్లు మేడమ్," అన్నాను.